పలక మీద ఉర్లగడ్డలు

పోర్ట్‌లీష్ ఊళ్లో మా అమ్మాయి పరువు తీయడానికి నాకు సరిగ్గా తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు మనవరాలు అన్వి పుట్టినరోజని అందరం కలిసి ఒక హోటల్‌కి వెళ్లాం. నేను మాంసం ముట్టనని చెబితే, వడ్డించే పిల్ల పాపం చాలాసేపు ఆలోచించి వేయించిన ఉర్లగడ్డలు తెచ్చిపెట్టింది. మా వైపు ఉర్లగడ్డలంటాం, మీకు బంగాళాదుంపలంటేనే రుచిస్తే అలాగే చదువుకోండి. తేవడం బాగానే తెచ్చింది కానీ పళ్లెంలో పెట్టలేదు, పలక మీద పెట్టింది. అచ్చంగా పలకే. చుట్టూ చెక్క చట్రం లేదు, అంతే తేడా. దానిమీద ఒక పక్క ఉర్లగడ్డలు, ఒక పక్క చిన్న గిన్నెలో ఏదో తెల్లటి పచ్చడి, మధ్యలో మేకలకు వేసినట్టు నాలుగు ఆకులు. జీవితమంతా తెలుగు పంతులమ్మగా బతికినదాన్ని, పలక మీద అక్షరం తప్ప ఇంకోటి చూసి ఎరగను. చేతులు ఊరుకోలేదు. ఉర్లగడ్డల్ని కాగితం రుమాలు మీదికి దొర్లించి, పలకను వెనక్కి తిప్పి, వేలు నాలుకకు అద్దుకుని, తడిచేసి, చీరకొంగుతో తుడిచి చూశాను.

“అమ్మా! ఏం చేస్తున్నావ్? అందరూ మననే చూస్తున్నారు,” అంది మా అమ్మాయి శ్రావణి, పెదాలు కదపకుండా. అది ఇక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు. ఆ హోటల్లో ఉన్నవాళ్లలో సగంమంది ఛాతీ మీద అది ఎప్పుడో ఒకప్పుడు స్టెతస్కోపు పెట్టే ఉంటుంది.

“శ్రావణీ, ఇది మా ఊరి రాయే,” అన్నాను.

“ఇది ఐర్లండ్ అమ్మా. వీళ్ల రాళ్లు వీళ్లకి లేవా?”

“రాళ్లు అందరికీ ఉంటాయే. పలకలు మాకుంటాయి.” అని, అనుమానం తీరడానికి ఆ అంచుకు నాలుకను ఒక్కసారి తాకించాను. అన్వి కళ్లు పెద్దవి చేసి, “అమ్మమ్మా, దట్స్ డిస్గస్టింగ్!” అంది, బోలెడంత గౌరవంతో. సరిగ్గా అప్పుడే వడ్డించే పిల్ల వచ్చి “ఎవ్రీథింగ్ గ్రాండ్?” అని అడిగింది. “గ్రాండ్, గ్రాండ్,” అంది శ్రావణి. ఇక్కడ ఇల్లు కాలిపోతున్నా గ్రాండ్ అనే అంటారని నాకు అప్పటికే అర్థమైంది.

దారిలో నా పోరు పడలేక శ్రావణి ఒక చవక కొట్టు దగ్గర కారాపి, అలాంటివే నాలుగు పలకలు కొనిపెట్టింది. నాలుగూ కలిపి దాని కాఫీ కంటే తక్కువే. వెనక చిన్న కాగితం అతికించి ఉంది, ఇండియాలో తయారైందని. ఏ ఊరో రాయలేదు. రాయకపోతేనేం, ఇంటికొచ్చి నాలుగింటినీ నాకి చూశాను. తొలకరి చినుకు పడ్డప్పుడు నేలనుంచి లేచే వాసన ఉంటుంది చూశారా, దానికి రుచంటూ ఉంటే అదీ. ఆ రుచి నాలుక మీద పడగానే, సోఫాలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మార్కాపురంలో మా అమ్మమ్మ ఇంటి గుమ్మంలో ఉన్నాను.

మా నాన్నకు ఊరూరా తిరిగే ఉద్యోగం కావడంతో నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆ ఇంట్లో అమ్మమ్మ, మా సుబ్బయ్య మామ, నేను, ఒక కుక్క. మామ పలకల కార్ఖానాలో పని చేసేవాడు. పలకల ఊళ్లో పుట్టాను కదా, నాకు మంచి పలక ఉండేదనుకుంటారేమో. మంచివన్నీ రైలెక్కి పోయేవి. మా బడి పిల్లల చేతుల్లో ఉన్నవన్నీ విరిగినవే. నాది మూడు మూలల పలక. పైన వెడల్పుగా మొదలై కిందికి పోయేకొద్దీ సన్నబడిపోయేది. ఎక్కం రాస్తే మొదటి వరసలు దర్జాగా వచ్చేవి, ఏడెనిమిదుల దగ్గరికొచ్చేసరికి చోటుండేది కాదు. ఇప్పటికీ ఏడెనిమిదులెంతంటే ఒక్క క్షణం తడుముకుంటాను. ఎంగిలితో పలక తుడిస్తే సరస్వతి అలుగుతుందని అమ్మమ్మ దొండాకు పసరు పట్టించి తుడిచేది. ఆవిడ అటు తిరగ్గానే నేను ఎంగిలితోనే తుడిచేదాన్ని. సరస్వతి అలిగిందో లేదో తెలియదు, నాకు పంతులమ్మ ఉద్యోగమైతే ఇచ్చింది.

మా ఊరికి కొండలు దేవుడిచ్చినవి కొన్ని, మేం పోసుకున్నవి కొన్ని. రాయి తీసిన చోటల్లా గొయ్యి, పనికిరాని ముక్కలు పోసిన చోటల్లా దిబ్బ. ఆ దిబ్బల మీంచి జారడం మా ఆట, లంగాలు చిరగడం అమ్మమ్మ బాధ. చేలల్లో నాగలి వేస్తే మట్టి కంటే ముందు పెంకులు పైకొచ్చేవి. వాన పడ్డాక మా బావి నీళ్లు తెల్లగా తిరిగిపోయేవి. ఒకసారి ఒంగోలు నుంచి వచ్చిన చుట్టాలాయన చెంబు ఎత్తి తాగి, “మజ్జిగ మరీ పలచన చేశావు పిన్నీ,” అన్నాడు. అమ్మమ్మ ఎండబెట్టిన వడియాలు బూడిదరంగులోకి మారేవి. వాటిని వేయించుకు తింటే కరకరమని మంచి చప్పుడు వచ్చేది, అందులో వడియం చప్పుడెంతో రాతిపొడి చప్పుడెంతో మేం లెక్క చూడలేదు.

మామ సాయంత్రం ఇంటికొస్తే కుక్క మొరిగేది. రోజూ చూసే మనిషే, రోజూ మొరిగేది. పొద్దున పోయిన మనిషి నల్లగా ఉండేవాడు, సాయంత్రం వచ్చే మనిషి కనురెప్పలతో సహా తెల్లగా ఉండేవాడు, దాని తప్పేముంది. మామ గుమ్మం ముందు ఆగి, నాటకంలో రాజు వేషం కట్టినప్పటి గొంతుతో ఒక పద్యం ఎత్తుకునేవాడు. గొంతు వినగానే కుక్క సిగ్గుపడి తోక ఊపేది. అప్పుడు అమ్మమ్మ చీపురుతో బయటకు వచ్చి, తల మీంచి మొదలుపెట్టి కాళ్లదాకా దులిపేది.

“మెల్లగా అమ్మా, మడిసిని,” అనేవాడు మామ.

“మడిసివైతే నీళ్లు పోసుకున్నాక కనపడతావులే. ఇప్పటికైతే సున్నపు బట్టీవి,” అనేది అమ్మమ్మ. “పెళ్లాం వచ్చినా ఇట్టాగే వాకిట్లో దులిపి లోపలికి పంపుతా.”

ఈ దులుపుడంతా అయ్యేదాకా నేను పక్కనే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేదాన్ని, ఎందుకంటే మామ చొక్కా జేబులో బెల్లం ముక్క ఉండేది. కార్ఖానాలో పని దిగేముందు మేస్త్రి ఒక్కొక్కరికీ ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్ము గొంతులోంచి జారి కిందికి దిగిపోతుందని ఊరంతా నమ్మకం. “ఏందే అమ్మాయ్, ఏ జేబు?” అనేవాడు మామ. ఉన్నదే ఒక్క జేబు. “ఎడమది!” అని అరిచేదాన్ని. “అబ్బో, ఎట్టా కనిపెట్టావే!” అని ఆశ్చర్యపోయేవాడు. ఆ బెల్లం పంటికింద కొంచెం కసకసలాడేది. “మరి నీకో?” అని ఒకసారి అడిగాను. “నేనాడనే తిన్నాలే. మేస్త్రి నాకు రెండిస్తాడు, పద్యాలు పాడతానని,” అన్నాడు. నాకు ఆ మేస్త్రి మీద మంచి అభిప్రాయం కలిగింది.

నీళ్లు పోసుకుని వచ్చాక మా పందెం. మామ పద్యం చివర రాగం తీసేవాడు, నేను పక్కన రెండో ఎక్కం చదివేదాన్ని. రెండొకట్ల రెండు నుంచి రెండు పదుల ఇరవై దాకా రాగం తెగకపోతే మామ గెలిచినట్టు. మొదట్లో ఎక్కం అయిపోయి నేను మూడోది కూడా సగం లాగినా ఆ రాగం ఆగేది కాదు. శ్రీరామనవమి పందిట్లో జనం “వన్స్ మోర్” అని ఈలలు వేస్తే పాడిన పద్యమే మూడుసార్లు పాడేవాడు. ఆ రాజు చచ్చిపోయే ఘట్టంలో కూడా ఒకసారి వన్స్ మోర్ పడితే, లేచి కూర్చుని మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయాడు.

అప్పుడు వచ్చింది ఫారిన్ ఆర్డరు. చట్రాలు వద్దు, వట్టి రాళ్లు చాలు, కానీ అంచులు నున్నగా ఉండాలి, కొలత వెంట్రుకవాసి తేడా రాకూడదు అన్నారట. దొరలు వీటిని ఏం చేసుకుంటారన్న దానిమీద ఊరంతా రోజుల తరబడి వాదించుకుంది. ఇంటి కప్పుకేమో అని ఒకరు, స్నానాల గదిలోకని ఒకరు. అక్కడి పిల్లల చేతులు పెద్దవేమో అని అమ్మమ్మ. “చల్లగా ఉంటదని కిందేసుకుని కూకుంటారేమోలేమ్మా,” అని మామ. వాటి మీద అన్నం తింటారని మాత్రం ఒక్కరూ అనలేదు. మా ఊళ్లో అంత పిచ్చివాళ్లు లేరు.

అంతకుముందు రాయిని ఉలితో చీల్చి చేత్తో అరగదీసేవాళ్లు. చేత్తో చేస్తే దొరలకు నచ్చే నునుపు రాదని రంపం మిషన్లు దించారు. మిషను వచ్చాక మామ ఇంకా తెల్లగా ఇంటికొచ్చేవాడు. కుక్క ఇంకా ఎక్కువ మొరిగేది. అమ్మమ్మ చీపురు నెలకొకటి అరిగిపోయేది. పందెంలో మామ రాగం రెండు పదుల ఇరవై దగ్గర ఆగడం మొదలైంది, తర్వాత రెండు ఎనిమిదుల దగ్గర. అమ్మమ్మ పెరుగు మానిపించింది, శొంఠి మిరియాల కషాయం పోసింది, మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ఘాటుకు మామతో పాటు మేమందరం దగ్గాం, కుక్కతో సహా. నేను నాకు తోచిన వైద్యం చేశాను. ఎక్కం తొందరగా చదవడం మొదలుపెట్టాను. రాగం సన్నబడుతోందంటే చాలు, రెండారుల పన్నెండు నుంచి అక్షరాలు మింగేసి గబగబా ఇరవై మీద పడేదాన్ని. “గెలిచానా?” అనేవాడు మామ, గోడకు ఆనుకుని. “గెలిచావు మామా,” అనేదాన్ని నేల చూపులు చూస్తూ.

ఆ ఏడు నవమి పందిట్లో ఈలలు మామూలుగానే పడ్డాయి, వన్స్ మోర్ అని. మామ కిరీటం సర్దుకుని, ఊపిరి అందుకుని, “రాజుగారికి యుద్ధానికి ఆలస్యమవుతోంది, మళ్లీ రారు,” అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. అంత మంచి జోకు మామ ఎప్పుడూ వేయలేదనుకున్నాను.

కొన్నాళ్లకు మామ మంచం దిగడం మానేశాడు. ఒక సాయంత్రం అతనితో పని చేసే కోటయ్య వచ్చాడు, మేస్త్రి పంపాడని బెల్లం పొట్లం పట్టుకుని. అమ్మమ్మ అడుగుతోంది, మేస్త్రి రోజూ రెండేసి ముక్కలు పెట్టినవాడికి ఇట్టా ఎందుకయిందని. “రెండా? అందరికీ ఒక్కటే పెద్దమ్మా,” అన్నాడు కోటయ్య. “అది కూడా తినేవాడా ఏంది? జేబులో ఏసుకుని వచ్చేవాడు.” నేను తలుపు వెనక ఉన్నాను. ఆ పొట్లంలోంచి అప్పుడే ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. దాన్ని మింగలేను, ఉమ్మలేను. ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు, అది కరిగి దానంతట అదే లోపలికి పోయింది. తర్వాతి శ్రీరామనవమికి మామ లేడు.

ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు. మామ ఊపిరిని ముక్కముక్కగా తినేసింది నేనేనని ఎవరికని చెప్పను? బెల్లం తినడం మానేశాను, అంతే. మా ఇంట్లో ఉగాది పచ్చడి చక్కెరతో చేస్తానని అత్తగారి వైపు వాళ్లంతా ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. కానీ బెల్లం మీద నమ్మకం మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. ఇంటికి వడ్రంగి వచ్చినా, గోడలు గీకేవాళ్లు వచ్చినా, దూది ఏకేవాడు వీధిలో పోతున్నా, పిలిచి మరీ బెల్లం ముక్క పెట్టి, నా ముందే తినమని నిలబడతాను. చాలామంది నాకు మతి సరిగా లేదనుకుంటారు.

ఇంక పోర్ట్‌లీష్‌కు వద్దాం. పలకలు కొన్న వారానికి, మా అమ్మాయి ఇంటి ముందు రోడ్డు పక్క రాళ్లు మార్చడానికి ముగ్గురు మనుషులు వచ్చారు. రంపం మిషను గుర్రుమంది. ఆ చప్పుడు వినగానే నా కాళ్లు వంటింట్లోకి పోయాయి. అన్వి “ప్రెస్” అంటుందే, ఆ అలమారాలో శ్రావణి బెల్లం దాచుకుంటుంది. మూడు ముక్కలు కొట్టి, పలక మీద పెట్టుకుని, చలికి శాలువా చుట్టుకుని బయలుదేరాను. ఎవరూ రాకుండా రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఎర్ర టోపీల్లాంటి దిమ్మెల మధ్యనుంచి దూరిపోతే ముగ్గురూ ఒక్కసారిగా చేతులెత్తి మిషను ఆపేశారు. ముసలమ్మ దగ్గరగా ఉంటే నడపకూడదట, రూలట. ముగ్గురి మొహాలకూ చంద్రుడి మీదికి పోయేవాళ్లలాగా మాస్కులు, రంపానికి ఒక గొట్టం, అందులోంచి నీళ్లు. దుమ్ము లేవడం లేదు, బురద కారుతోంది. నేను “ఫర్ డస్ట్,” అని పలక చాపాను. పెద్దాయన మాస్కు తీసి ఒక ముక్క నోట్లో వేసుకుని, “దట్స్ గ్రాండ్, మిసెస్,” అన్నాడు. ఈలోగా శ్రావణి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి, వాళ్లకి పది సారీలు చెప్పి, నన్ను లోపలికి లాక్కుపోయింది.

“ఎవరు చెప్పారమ్మా నీకు, బెల్లం తింటే దుమ్ము పోతుందని?” అంది నవ్వు ఆపుకోలేక.

“మేస్త్రి,” అన్నాను.

“ఏ మేస్త్రి?”

అప్పుడు చెప్పాను. జేబు, రెండు ముక్కలు, కోటయ్య, తలుపు వెనక నేను. చెబుతుండగా దాని నవ్వు ఆగిపోయింది. వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, బెల్లం పోయేది పొట్టలోకి. దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. దారులే వేరు. రాతిపొడి ఒకసారి లోపల కూర్చుంటే ఏ మందూ దించదు. పోకుండా చూసుకోవాలంతే, నీళ్లు కొట్టాలి, మాస్కు పెట్టాలి.”

“అయితే ఆయన తిని ఉంటే?”

“తిన్నా అంతే.”

“రోజూ తిని ఉంటే?”

“బస్తా తిన్నా అంతేనే అమ్మా.”

ఇంకోసారి అడిగాను. ఇంకోసారి చెప్పింది. నాకు ముందు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు ఎంత ఖరాబవుతుందో అనుభవిస్తేగాని తెలియదు. ఇన్నేళ్లు ఉగాది పచ్చడిలో చక్కెర వేసుకుని పాడు చేసుకున్నాను కదే అన్నాను. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆ మేస్త్రికి తెలుసో తెలియదో, పాపం అతనికీ దగ్గు ఉండేది. కానీ అక్కడ నీళ్లు లేకనా? ఒక గొట్టం, మొహానికో గుడ్డ. వాటికంటే బెల్లం ముక్క చవక, అందుకని బెల్లం పెట్టారు. ఆ చవకే ఇంతదూరం ఓడెక్కి వచ్చి ఉర్లగడ్డల కింద కూర్చుంది. దొరలను అనాలంటే నాకూ నోరు రాదు. అదే కొట్లో నేను ఒక గొడుగు, రెండు జతల చెప్పులు, మంచు తగలకుండా ఒక టోపీ కొనుక్కున్నాను, ఇంత తక్కువకెలా వచ్చాయని మురిసిపోయాను కూడా. ఆ చెప్పుల్లో ఎవరి మామ ఉన్నాడో నేను అడగలేదు.

సాయంత్రం బడినుంచి వచ్చిన అన్వికి కథ సగమే చెప్పాను, పందెం వరకు. అదిప్పుడు రెండో ఎక్కమే నేర్చుకుంటోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఇక్కడివాళ్ల యాసలో. “లెట్స్ ప్లే, అమ్మమ్మా,” అని పలక తెచ్చుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను మామ పద్యం చివరి పాదం ఎత్తుకుని రాగం తీశాను. అది మొదలుపెట్టింది, “టూ వన్స్ ఆర్ టూ,” నిదానంగా, ఒక్కొక్కటీ బెల్లం ముక్కలా చప్పరిస్తూ. ఇన్నేళ్ల సుద్దముక్కల గొంతు నాది, “టూ సిక్సెస్” దగ్గరికొచ్చేసరికి వణికింది. అన్వి తలెత్తి నా మొహం చూసింది. అంతే, మిగతా ఎక్కమంతా ఒక్క మాటలా కలిపేసి గబగబా ఇరవై మీద పడింది.

“యూ వన్, అమ్మమ్మా!” అంది. అని నావైపు చూడకుండా పలక అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

ఆ మొహం నాకు బాగా తెలుసు. గుమ్మం దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడ్డ నా మొహమే అది. పేజీ తిప్పినంత సులువుగా చదవగలిగాను. రోజూ ఆ మొహాన్ని చూసిన మామ చదవలేదా? మొదటి రోజే చదివి ఉంటాడు. తెలిసే అడిగేవాడు.

“గెలిచానా?” అన్నాను, సోఫాకు ఆనుకుని.

“యూ డిడ్,” అంది అన్వి, పలకతో.